కొండ మీద విప్పి వదిలిన నల్లా

మా చిన్నప్పుడు... ఒక కొండ మీది హోటల్లో, నలుగురి ముందు నేను బాపు పరువు తీశానట! పద్నాలుగేళ్లుగా మా ఇంట్లో ఏ ఫంక్షనైనా, విస్తళ్లు ఎత్తేలోపు ఈ కథ రావాల్సిందే. "ఇంటోళ్లను ఇడిసి పరాయోళ్ల దిక్కు మాట్లాడుతదిది" అని ముగిస్తారు. అందరూ నవ్వుతారు... ఆ నవ్వుల మధ్య కూర్చుని నేనూ పెరుగన్నం తిన్నాను.

ఇవాళ జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

నాకప్పుడు పదకొండేళ్లు. బాపుకు బోధన్ రోడ్డులో ట్రాక్టర్ టైర్ల దుకాణం. చెరుకు సీజన్ అయిపోయాక ఆ ఏడు మొదటిసారి షట్టర్ దించి, నన్నూ అవ్వనూ అరకు దాటాక ఉన్న ఒక కొండ మీదికి తీసుకెళ్లాడు. మేం నాన్నను బాపు అనే, అమ్మను అవ్వ అనే పిలుస్తాం.

ఆ హోటల్‌ను కింది గూడెం ఆడవాళ్లే నడిపేవారు. వండేదీ వాళ్లే, గదులు ఊడ్చేదీ వాళ్లే, మన పక్కన బల్ల దగ్గర కూర్చుని తినేదీ వాళ్లే. అవ్వకు మొదటి పూట ముద్ద దిగలేదు. రెండో పూటకు అంబలి అడిగి మరీ పోయించుకుంది...

గదిలో గోడకు ఒక కాగితం ఉండేది. ఊట నీళ్లకు ట్యాంకు ఒక్కటే, సగం మీకు, సగం గూడేనికి, మనిషికి పూటకో బకెట్ అని.

చదివాను. చదివి మరిచిపోయాను.

మాది నిజామాబాద్‌లో కంఠేశ్వర్. అప్పట్లో మా గల్లీలో నీళ్లు రోజు విడిచి రోజు వచ్చేవి, అదీ వేళాపాళా లేకుండా. అందుకే ప్రతి ఇంట్లో నల్లా విప్పే ఉండేది. కింద ఇత్తడి గంగాళం... తొలి ధార దాని మీద పడి 'టంగ్'మంటే, ఎక్కడున్నా పరుగెత్తి రావడం నా పని.

కొండ మీద ఆ మధ్యాహ్నం గదిలో నీళ్లు రాలేదు. అలవాటు చొప్పున నల్లా విప్పి, కింద బకెట్ పెట్టి, అవ్వాబాపులతో జలపాతం చూడ్డానికి పోయాను.

సాయంత్రం వచ్చేసరికి బకెట్ అంచు దాకా నిండి ఉంది. బాత్రూం అంతా తడి. నల్లా మాత్రం పొడిగా... గోడ మీది కాగితం అప్పుడు గుర్తొచ్చింది. చప్పుడు కాకుండా కట్టేశాను. అవ్వ చూసింది.

తెల్లారి వరండాలో మంచు. గూడెం నుంచి ఆడవాళ్లు ఖాళీ బిందెలతో వచ్చి నిలబడ్డారు. ట్యాంకులో చుక్క లేదు. వాళ్లకెదురుగా దేవమ్మ... మా గది ఊడ్చేది ఆమే, ట్యాంకు తాళంచెవి ఉండేదీ ఆమె నడుముకే. ఆ తాళంచెవి ఆమెకు గూడెం ఇచ్చింది. నీళ్లు వృథా అయితే అందరి ముందూ విప్పి ఇంకొకరికి ఇచ్చెయ్యాలి.

"నానైతే ఏ కుళాయీ ఇప్పి ఒగ్గలేదమ్మా" అంటోంది దేవమ్మ. ఎవరూ అరవడం లేదు. అదే ఎక్కువ భయంగా ఉంది.

హోటల్ చూసుకునే మేడం మా దగ్గరికొచ్చి మెల్లగా అడిగింది. "మీ గదిలో కుళాయి పొరపాటున తిప్పి ఉండిపోయిందా అండీ?"

బాపు లేచాడు. "మాకు నీళ్ల ఇలువ తెల్వదా మేడం? మేమైతే ఇప్పలె. ఊడ్వనీకి వచ్చినామెనే ఇప్పి ఇడిసిపెట్టి ఉంటది."

బాపు అబద్ధమాడలేదు. ఆయనకు నిజంగా తెలియదు. తెలిసింది అవ్వకూ నాకే.

దేవమ్మ నడుముకున్న తాడు విప్పబోయింది. ముడి బిగుసుకుపోయింది... గోళ్లతో లాగుతోంది. అవ్వ నా మణికట్టు పట్టుకుంది, గాజులు గుచ్చుకునేంత గట్టిగా. "సప్పుడు జెయ్యకు బిడ్డా" అంది చెవిలో.

ముడి వదులైంది.

"బాపూ... నేనే ఇప్పిన."

"ఏందే?"

"నల్లా నేనే ఇప్పిన. ఇంట్ల ఇప్పినట్లు."

మేడం తిట్టలేదు. దేవమ్మ ముడి మళ్లీ బిగించుకుని, ఒక చిన్న బిందె నా చేతికిచ్చింది. "రా పాపా, ఊట చూద్దువు గాని." దిగడానికి అరగంట, ఎక్కడానికి అంతకు రెండింతలు. రెండుసార్లు మోశాను. రెండోసారి సగం ఒలికిపోయింది. "ఒక బిందెకే ఏడ్చేత్తావనుకున్నాను, గట్టిదానివే!" అని నవ్వింది దేవమ్మ. పైన వరండాలో బాపు మాత్రం అటు తిరిగి నిలబడ్డాడు.

తిరుగు రైల్లో బాపు పై బెర్త్ ఎక్కి పడుకున్నాడు. నిజామాబాద్‌లో దిగేటప్పుడు ఒకే మాట... "నా చెవుల చెప్పరాదే?"

చెప్పొచ్చేమో... కానీ అక్కడ ముడి వదులవుతోంది కదా బాపూ.

ఇప్పుడు మా గల్లీలో ఇంటింటికీ బోరు, మిద్దె మీద నల్లటి ట్యాంకు. 'టంగ్'మంటే పరుగెత్తే పిల్లలు లేరు. ఆ గంగాళంలో అవ్వ మనీప్లాంట్ పెట్టింది. నాకు ఎమ్మెస్సీ అయింది, రెండేళ్ల బ్యాంకు కోచింగ్ అయింది, నాలుగు పెళ్లిచూపులూ అయ్యాయి.

పోయిన నెల ఆ హోటల్‌కు ఫోన్ చేశాను. తాళంచెవి ఇంకా దేవమ్మ దగ్గరే ఉందట, మోకాళ్లే సహకరించడం లేదట. నీళ్ల పని, వచ్చేవాళ్ల పని చూసుకునే మనిషి కావాలన్నారు. నేనొస్తానన్నాను. ఇంట్లో చెప్తే బాపు, "గా బకెట్ నీళ్లకు ఇంకెన్నేండ్లు సిగ్గుపడ్తవే?" అన్నాడు. మళ్లీ తప్పుగానే అర్థం చేసుకున్నాడు. నేను పోతున్నది సిగ్గుతో కాదు. ఎవరూ చెప్పకుండా, నా అంతట నేను చేసిన మొదటి పని అక్కడే చేశాను.

మీ ఇళ్లల్లోనూ మీ గురించి ఇలాంటి కథొకటి తిరుగుతూనే ఉంటుంది... అసలేం జరిగిందో మీ మాటల్లో కింద రాయండి. చదువుతాను.

సోమవారం రైలెక్కుతున్నాను.