గెంటేసిన గొంతు

కండక్టరమ్మంటే ఆ చర్చిలో తెలియనివాళ్ళు లేరు. బస్సులో టికెట్లు కొట్టీ కొట్టీ రిటైరైంది గానీ, ఆవిడ గొంతు మాత్రం రిటైరవలేదు. "రైట్ రైట్!" అందంటే చక్రం పక్కన నిద్రపోతున్న కుక్క కూడా లేచి జరగాల్సిందే. ఆ గొంతుతోనే పెళ్ళికి ముందునుంచీ క్వయర్‌లో వెనక వరసలో నిలబడి పాడింది. ఆవిడకో జబ్బుంది. చరణం చివర అందరూ ఆపేసినా తను ఆపదు, ఇంకాస్త లాగుతుంది.

పోయినేడు ఆవిడ చెల్లెలి కొడుకు క్వయర్ మాస్టరయ్యాడు. అవగానే వాడు చేసిన మొదటి ఘనకార్యం, పెద్దమ్మని తీసేయడం.

"నీ గొంతు అందర్నీ మింగేస్తోంది పెద్దమ్మా. ఇంక కూర్చుని విను," అన్నాడు.

ఎత్తుకు పెంచిన పిల్లాడు! ఆవిడకి మండిపోయింది. ఆదివారం వస్తోందంటే ఏడుపొచ్చేది.

ఇంతలో రేడియోవాళ్ళు దిగారు. ఆరాధనలోనే మూడు చర్చిల క్వయర్లు పాడాలి, అది అప్పటికప్పుడు రేడియోలో వస్తుంది, నెగ్గినవాళ్ళకి ఏడాదంతా రేడియోలో పాట. ముగ్గురు జడ్జీలు, చర్చికొకరు. మాస్టరు పెద్దమ్మ పేరిచ్చాడు. అలకా తీరుతుంది, మార్కులూ పడతాయని వాడి లెక్క.

"మనవాళ్ళమే కదా, కాస్త చూసుకో," అని చెవిలో ఊదాడు కూడా.

"చెవులున్నాయిలే, వింటాను," అంది.

మిగతా రెండు క్వయర్లూ తడబడుతూనే దమ్ముగా పాడి వెళ్ళాయి. తర్వాత మనవాళ్ళు నిలబడ్డారు. ఒక్క దగ్గు లేదు, ఒక్క తప్పు లేదు. ఆవిడ కోపం కూడా మర్చిపోయి వింది. చరణం ముగిసింది, మాస్టరు పిడికిలి బిగించాడు, నోళ్ళన్నీ మూతపడ్డాయి.

ఒక గొంతు మాత్రం స్పీకర్లోంచి ఇంకా లాగుతూనే ఉంది.

చర్చి మొత్తం తల తిప్పి జడ్జీల బెంచీ వైపు చూసింది. కండక్టరమ్మ నోరు మూసుకునే ఉంది!

ఓరి భడవా! తప్పులొస్తాయని భయపడి, ఆవిడున్నప్పటి పాత రికార్డు పెట్టి అందరిచేతా పెదాలాడించాడు. మనిషిని గెంటాడు గానీ రికార్డులోంచి గెంటడం మర్చిపోయాడు.

రేడియో ఆయన తెల్లమొహం వేసుకునే మైకు చాపాడు. "మీ మార్కులు చెప్పండమ్మా."

మాస్టరు దూరంనుంచే దణ్ణం పెడుతున్నాడు.

"సున్నా," అంది.

"అమ్మా, ఇది ఊరంతా వింటోంది..."

"విననీ. పాడింది వీళ్ళు కాదు, రికార్డు. అందులో నా గొంతుంది. నన్ను వద్దనుకున్నవాళ్ళకి నా గొంతెందుకు?"

ఆయన మైకు వెనక్కి లాక్కోబోయాడు, ఆవిడ పట్టేసుకుంది. తాగుబోతుల్ని బస్సులోంచి దించిన చెయ్యది, వదుల్తుందా?

"పరువు తీశావు పెద్దమ్మా," అన్నాడు మాస్టరు, ఏడుపు గొంతుతో.

"నువ్వే తీసుకున్నావురా. మీకు గొంతుల్లేవా? తప్పులొస్తే రానీ, దేవుడేమన్నా పరీక్ష పెట్టాడా? పాడండి!"

ఆవిడ మైకుతో సహా లేచి, వెనక వరసలో తన పాత చోటికి వెళ్ళి నిలబడింది.

"జడ్జీలు పాడకూడదమ్మా!" అన్నాడు రేడియో ఆయన.

"అయితే నేను జడ్జీని కాను పో. ఒరేయ్, చెయ్యెత్తు."

మాస్టరు కళ్ళు తుడుచుకుని చెయ్యెత్తాడు.

"రైట్ రైట్!" అంది కండక్టరమ్మ.