మా అత్తగారి కొళాయి

మొన్న ఉదయం మా మనవడి ఇంట్లో బట్టలుతికే మెషీను నీళ్ళు పట్టడం మానేసింది. మీట నొక్కితే దీపం వెలుగుతుంది, కాసేపు గుయ్యిమంటుంది, లోపల మాత్రం చుక్క పడదు. మనవడు దాన్ని ఆపి వేశాడు, మళ్ళీ ఆపి మళ్ళీ వేశాడు, ఆ తర్వాత ఫోను చెవికి పెట్టుకుని వరండాలోకి పోయాడు. వాడి పెళ్ళాం "నానమ్మా, ఖరాబైపోయినట్టుంది, కొత్తది తీసేసుకుందాం" అంది. రాయపూర్ శివారు మోవాలో ఈ ఇంటికి వచ్చాకే కొన్న మెషీను, ఇంకా రంగైనా పోలేదు. "ముందు కొళాయి తిప్పి ఉందో లేదో చూడు. ఉంటే ఆ గొట్టం ఊడదీసి మూతి దగ్గర ఏముందో చూడు" అన్నాను. ఊడదీసింది. గొట్టం మెషీనుతో కలిసేచోట గోరంత జల్లెడ ఉంది. దాని నిండా పచ్చగా, నల్లగా, జలుబు చేసిన ముక్కులోంచి తీసినట్టు జిగురు. ఛీ! ఇన్నాళ్ళూ దాని గుండా వచ్చిన నీళ్ళతోనే నా చీరలు ఉతికి, పైగా సువాసన కోసం ఏదో నీలం మందు పోసి, మడతపెట్టి నా మంచం మీద పెడుతున్నారు. పాత పళ్ళ బ్రష్షు తెమ్మని నేనే కూర్చుని తోమాను. తోముతూ ఉంటే ఆ కంపు ముక్కుకి తగిలింది. నాకు ఆ కంపు కొత్త కాదు. పెళ్ళయి రాయపూర్ వచ్చిన కొత్తలో, రైల్వే క్వార్టర్లో, మా అత్తగారి కొళాయి దగ్గర అచ్చం ఇదే కంపు కొట్టింది.

దొరలు ఒక్కొక్కరే సామాన్లు అమ్ముకుని దేశం వదిలి వెళ్ళిపోతున్న రోజులవి. మాది రెండు గదులూ ఒక వంటిల్లూ ఉన్న క్వార్టరు. అందులో అత్తగారు, బావగారు, ఆయన భార్య, మావారు, నేను. బావగారి భార్యని నేను అక్కా అని పిలిచేదాన్ని. బావగారు గూడ్సు బండి మీద గార్డు. మావారికి ధంతరీ వెళ్ళే చిన్న బండి మీద డ్యూటీ, వారంలో సగం రోజులు ఇంట్లో ఉండేవారు కారు. పెరటి గోడ అవతలే ఇంజన్లు బొగ్గు వేసుకునే చోటు. తెల్లటి పంచె ఆరేస్తే ఎండి చేతికొచ్చేసరికి బూడిదరంగులో ఉండేది, మడత విప్పితే మసి రాలేది. అందుకని ఆ ఇంట్లో ప్రతి బట్టా రెండుసార్లు ఉతకాలి. ఉతికేది అక్క ఒక్కతే. నేను ఉతుకుదామని కూర్చుంటే బట్టల సోడా వాసనకి వాంతి అయ్యేది. ఇప్పుడు ఫోను పట్టుకు తిరుగుతున్నాడే, వాడి తండ్రి అప్పుడు నా కడుపులో ఉన్నాడు. వేవిళ్ళంటే ఎలాంటివనుకున్నారు, పక్క క్వార్టరులో పప్పు మాడితే మా ఇంట్లో నేను పెరట్లోకి పరిగెత్తేదాన్ని.

చాకలిని పెట్టుకోవచ్చు కదా అంటారేమో. అత్తగారికి అది పడదు. విజయనగరం పక్క పల్లెటూళ్ళో అయితే వాళ్ళ చాకలి వాళ్ళకి ఉండేవాడు, ఇక్కడి మనుషుల చెయ్యి ఆవిడ బట్ట మీద పడకూడదు. ఆవిడ మడి అలాంటిలాంటిది కాదు. రాయపూర్ వచ్చిన కొత్తలో ఆవిడతో ఎవరో మహానుభావుడు "కొళాయి లోపల తోలు బిళ్ళ ఉంటుందమ్మా" అని చెప్పి పోయాడట. నూతి నీళ్ళు తప్ప ఎరగని మనిషి, క్వార్టర్లలో నుయ్యి లేదు, రైల్వే టాంకు నీళ్ళే గతి. ఏం చేసింది? పాత మడిపంచె కొస చింపి, చిన్న ఉండ చేసి, కొళాయి మూతిలోకి వేలితో కుక్కింది. ఆ గుడ్డ గుండా వస్తే నీళ్ళకి తోలు దోషం పోతుందని ఆవిడ లెక్క. ఏటా ముక్కోటి ఏకాదశికి ఆ గుడ్డ మారుస్తుందని ఇంట్లో అందరి నమ్మకం. పిడి ఎవరైనా తిప్పచ్చు గానీ మూతి మాత్రం మడిలో ఉన్న ఆవిడ తప్ప ఎవరూ ముట్టుకోకూడదు. నీళ్ళు పిల్ల ఏడ్చినట్టు సన్నగా కారేవి. బిందె నిండేలోపు పప్పు ఉడికిపోయేది. అందరం రైల్వేవాళ్ళని తిట్టేవాళ్ళం.

అక్క చేతుల సంగతి చెప్పాలి. వేళ్ళ సందులు నానిపోయి తెల్లగా ఉబ్బి, మధ్యలో ఎర్రగా చీలి ఉండేవి. అన్నంలో పులుసు కలుపుకుంటే కళ్ళంట నీళ్ళు కారేవి. చెంచాతో తినబోతే అత్తగారు "దొరసాని బయల్దేరింది" అనేవారు. ఆ చలికాలంలో కుడిచేతి చూపుడువేలు గోరు పక్కన చీము పట్టి, వేలంతా వంకాయలా అయింది. చూడాలంటే నాకు ఒళ్ళు జలదరించేది, కట్టు విప్పితే వచ్చే వాసనకి మళ్ళీ పెరట్లోకి పరుగు. రైల్వే డాక్టరు కట్టు కట్టి, "పానీ మే హాథ్ డాలా తో ఉంగ్లీ జాయేగీ" అని చెప్పాడట. నీళ్ళలో చెయ్యి పెడితే వేలు తీసెయ్యాలని అర్థం. ఇంటికొచ్చి అక్క ఆ మాట చెపితే అత్తగారు "డాక్టర్లకేం, అలాగే అంటారు" అన్నారు. బట్టలు అప్పటికే తొట్టిలో నానుతున్నాయి. అక్క వేలికి అరటాకు ముక్క చుట్టుకుని కూర్చుంది.

బావగారికి అది చూసి మనసు చివుక్కుమంది, కానీ తల్లికి ఎదురుచెప్పే మనిషి కాదు. ఒకనాడు తోపుడుబండి మీద ఇంత పెద్ద రాగి తొట్టి తెచ్చి గుమ్మంలో దింపించారు. మూడు కాళ్ళు, పైన తిప్పే పిడి, పక్కన బట్టలు పిండే రెండు రబ్బరు కర్రలు, తోకలాగా ఒక గొట్టం. వెళ్ళిపోతున్న ఏదో దొర బంగళాలోదిట.

"ఏవిట్రా ఇది, ఈ గంగాళం?" అన్నారు అత్తగారు.

"బట్టలుతికే మిషనమ్మా. గొట్టం కొళాయికి తగిలించడం, పిడి తిప్పడం, అంతే. చెయ్యి తడవదు."

"దొరసాని బట్టలు ఇందులోనే ఉతికేవారా?"

"మరెక్కడ ఉతుకుతారు?"

"రామ రామ! వాళ్ళ లోపలి గుడ్డలూ ఇందులోనేనా? ముందు దీన్ని చింతపండేసి తోమించు. ఆ తోలు మొహపు గొట్టం నా కొళాయికి తగిలిస్తే నేనే మడిలో తగిలిస్తాను. నువ్వు ముట్టుకోకు."

చింతపండుతో నేనే తోమాను. లోపల అంచు కింద ఎండిపోయిన నురగ, ఎవరివో పసుపుపచ్చటి వెంట్రుకలు. ఆ పూట అన్నం తినలేదు. మర్నాడు అత్తగారు తడిచీరతో వచ్చి, గొట్టం మీద నీళ్ళు చిలకరించి, తనే కొళాయి మూతికి తొడిగి, తాడుతో బిగించారు. అక్క కట్టు కట్టిన చెయ్యి గుండెకి ఆనించుకుని, బండి కోసం ప్లాట్‌ఫారం మీద నిలబడ్డ మనిషిలా తొట్టి పక్కన నిలబడింది. బావగారు కొళాయి పిడి తిప్పారు. గొట్టం కొంచెం బరువెక్కింది. తొట్టి అంచు దాకా ఎక్కాల్సిన నీళ్ళు సగంలో ఆగి, వెనక్కి జారి, తాడు కట్టినచోట చిమ్ముకుంటూ నేలపాలయ్యాయి. తొట్టిలో చుక్క లేదు.

అక్కడి నుంచి మొదలైంది బావగారి పరిశోధన. టాంకు ఎండిపోయిందన్నారు. పంపు మనిషి దగ్గరకి వెళ్ళి, నిండుగా ఉందని తెలుసుకుని వచ్చారు. గొట్టంలో ఏదో అడ్డం పడిందన్నారు. నోటితో ఊదారు, ఏమీ రాలేదు. ఊదితే రానిది పీలిస్తే వస్తుందనుకున్నారు కాబోలు, గట్టిగా పీల్చారు. వచ్చింది. బొద్దింక కాలూ, దాని తాలూకు మరికొంతా. ఆయన ఉమ్మిన తీరు చూసి అత్తగారు "గార్డుద్యోగం చేసేవాడివి, నీకీ దొరల ఎంగిలి ఎందుకురా" అని దండకం ఎత్తుకున్నారు. మళ్ళీ తొడిగితే మళ్ళీ అంతే. అప్పుడు తొట్టిదే లోపమని దాని కాళ్ళు ఊడదీసి పెరడంతా పరిచారు. వీధి చివరి కొళాయి నుంచి బిందెలతో తెచ్చి పోస్తానని నేనంటే, "గొట్టమున్న మిషనుకి బిందెతో పోస్తారటే, పాడైపోతుందని చెప్పవే" అని అక్క ద్వారా నాకు కబురు. బావగారు నాతో తిన్నగా మాట్లాడేవారు కారు. ఈలోపు మాసిన బట్టలు ఆగుతాయా? అక్క ఎడమచేత్తో ఉతకడం మొదలుపెట్టింది. కుడిచేయి అప్పుడప్పుడు సాయం వచ్చేది. కట్టు తడిసేది. చీము మణికట్టు వైపు పాకుతోందని నాకు ఒక్కదానికే చూపించి, "ఎవరితోనూ అనకే" అంది.

నాకు ఒళ్ళు మండింది. అప్పటికి కొన్నాళ్ళుగా కొళాయి దగ్గరకి వెళితే చాలు డోకు వస్తోంది. సోడా వాసన కాదు, బొగ్గు వాసన కాదు, వానాకాలం చచ్చిన కప్ప కంపు. అత్తగారితో అంటే "నీకిప్పుడు కాఫీ కూడా కంపే" అన్నారు. ఆవేళ బావగారు కాళ్ళు లేని తొట్టి ముందు గార్డు కోటుతో చతికిలబడి ఉన్నారు, డ్యూటీకి టైమవుతోంది. అక్క వంగి పంచె పిండుతూ పళ్ళు బిగబట్టింది. నేను వెళ్ళి గొట్టం తాడు విప్పేశాను. కొళాయి మూతికి ముక్కు పెట్టాను. అంతే, మొన్నటి నుంచీ నన్ను తరుముతున్న కంపు అక్కడే కూర్చుని ఉంది. తలలోంచి పిన్ను తీసి లోపలికి పోనిచ్చాను.

"ముట్టుకున్నావా! మడి కొళాయే అది!" అత్తగారు దేవుడి గదిలోంచి కేక.

"ముట్టుకున్నానండీ" అని పిన్ను లాగాను.

మొదట తెల్లగా ఉన్న గుడ్డ ఉండ వచ్చింది, మొన్న ఏకాదశిది. దాని వెనక గోధుమరంగుది ఒకటి. దాని వెనక నల్లది. ఆ వెనకది గుడ్డో మాంసమో చెప్పలేను. నిగనిగలాడుతూ, సాగుతూ, జిగురు తీగలతో వచ్చింది. అందులో ఎర్రటి దారాల్లాంటివి ఉన్నాయి, దారాలు కావు, కదిలాయి. అది చూసి నేను అక్కడే కక్కాను. చివరి ఉండ ఊడగానే కొళాయి పేలినట్టు నీళ్ళు దూకి, బావగారి కోటూ టోపీ మీసాలూ తడిపేశాయి. ఆయన ఆ నీళ్ళలో కూర్చునే "అమ్మా, ఇన్ని గుడ్డలేవిటే?" అన్నారు.

అత్తగారు తడిచీరతో వచ్చి నిలబడ్డారు. పంచె అంచు ఆవిడదే, కుట్టూ ఆవిడదే.

"పాతది తోలుకి తగిలి మైలపడిపోతుంది కదరా. దాన్ని నేనెలా ముట్టుకుంటాను? అందుకని దాని కిందే కొత్తది పెట్టేదాన్ని."

ఆ గుడ్డల గుండా వచ్చిన నీళ్ళతోనే నైవేద్యాలు వండాం, తీర్థం పుచ్చుకున్నాం, బిందెల్లో పట్టుకుని చల్లగా ఉన్నాయని మెచ్చుకుని తాగాం. బావగారు ఒక మూలకి వెళ్ళి, బొద్దింక నాటికంటే ఎక్కువసేపు ఉమ్మారు.

నేనైతే ఆ పీలికల్ని పట్టకారుతో పట్టి పెంటకుప్పలో పారేసేదాన్ని. అత్తగారు పారెయ్యనివ్వలేదు. చింపిన గుడ్డైనా పారేసే మనిషి కాదావిడ, ఆ ఒక్క గుణం నేనూ నేర్చుకున్నాను. కానీ ఆవేళ ఆవిడది పొదుపు కాదు, పంతం. "నా మడిగుడ్డలు. మళ్ళీ తెల్లగా చేసి చూపిస్తాను" అని గంగాళంలో నీళ్ళు కాచి, దోసిలి నిండా సోడా పోసి, పెరట్లో పీట వేసుకుని కూర్చున్నారు. ఆవిడ ఆ పని చేసి ఎన్నేళ్ళయిందో. మధ్యాహ్నం భోజనానికి లేవలేదు. పిండి, రుద్ది, మళ్ళీ సోడా పోసి, మళ్ళీ రుద్ది, నీళ్ళు నల్లగా పారబోస్తూ కూర్చున్నారు. గుడ్డ నలుపు వదల్లేదు, కంపు వదల్లేదు. పొద్దువాలే వేళకి లేచి ఇంటి వైపు వచ్చారు. అక్క చూరుకింద కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతోంది, ఎడమచేత్తో. అత్తగారు రెండు చేతులూ ముందుకి చాచి, వేళ్ళ సందులు విడదీసి చూసుకున్నారు. ఎర్రగా ఒలిచినట్టున్నాయి.

"ఇంత మంటటే?"

అక్క తలెత్తలేదు. "అలవాటైపోయిందండీ అత్తయ్యా."

"అలవాటేవిటి, నీ మొహం. ఏదీ, ఆ కట్టు విప్పు."

విప్పింది. అత్తగారు చూశారు. ముక్కు మూసుకోలేదు. మడిలో ఉండి కూడా ఆ చెయ్యి పట్టుకుని వేలు ఇటూ అటూ తిప్పి చూశారు. క్షమించమన్లేదు, ఆవిడ అలాంటి మనిషి కాదు. వెళ్ళి మళ్ళీ స్నానం చేశారు.

మర్నాడు పట్టాల అవతల నుంచి చాకలి పని చేసే ఒక ధోబిన్‌ని పిలిపించారు. ఛత్తీస్‌గఢీ మనిషి, కాళ్ళకి ఇంతంత కడియాలు, మొహం నిండా నవ్వు. ఆవిడ గుమ్మం బయటే నిలబడి, "మోర్ ఛుయే లుగరా పహిర్‌బే కా, దాయీ?" అని వేళాకోళమాడింది. నా చెయ్యి తగిలిన చీర కడతావా తల్లీ అని. మా అత్తగారు తనకొచ్చిన హిందీ అంతా కూడగట్టుకుని, "హమ్ పానీ ఛిడక్ లేగా. తుమ్ ధో. బహూ కా హాథ్ సడ్ గయా" అన్నారు. మేం నీళ్ళు చల్లుకుంటాం, నువ్వు ఉతుకు, కోడలి చెయ్యి కుళ్ళిపోయింది. ఆ చివరి మాట అన్నప్పుడు ఆవిడ గొంతు ఎలా పలికిందో నాకు ఇప్పటికీ చెవిలో ఉంది. అక్క వేలు దక్కింది, గోరు మాత్రం వంకరగా మొలిచింది. తొట్టికి బావగారు కాళ్ళు మళ్ళీ బిగించారు గానీ ఒక మరమేకు మిగిలిపోయింది, దానితో అది ఎప్పుడూ ఒరిగే ఉండేది. అందులో బొగ్గులు పోసుకున్నాం. కొళాయి మూతిలో మళ్ళీ గుడ్డ పెట్టలేదు. తోలు నీళ్ళే తాగారు అత్తగారు, ప్రతి గుక్కకీ మొహం చిట్లించుకుంటూ.

మొన్న జల్లెడ తోమి బిగించాక మెషీనులోకి నీళ్ళు బొళబొళా పడ్డాయి. "నానమ్మా, నీకెలా తెలిసింది?" అని మనవడి పెళ్ళాం ఆశ్చర్యపోయింది. నెలకోసారి ఊడదీసి తోమమని చెప్పాను. సరే అంది, తోమదు. నేను చేతులు సబ్బుతో కడుక్కుని, వేళ్ళు వాసన చూసుకుని, మళ్ళీ కడుక్కున్నాను. మా అత్తగారి వేళ్ళు పగలడానికి ఒక్క మధ్యాహ్నం చాలింది. అదే పీట మీద, అదే సోడాతో అక్క వేళ్ళు పగులుతున్నాయని ఆవిడ కంటికి ఆనడానికి మాత్రం అన్నేళ్ళు పట్టింది.