మూడు రోజుల అమ్మవారు

ఆ ఉదయం తల దువ్వుకుంటుంటే రెండు చెవుల వెనకా చిన్న గడ్డలు తగిలాయి. నొక్కితే నొప్పి. వేళ్ల కణుపులు పట్టేశాయి. మధ్యాహ్నానికి ముఖం మీద సన్నటి ఎర్ర దద్దుర్లు మొదలై, సాయంత్రానికి మెడా చేతులూ కమ్మేశాయి. అప్పటికి నాకు నాలుగో నెల.

జగ్గయ్యపేటలో మాకు కిరాణా కొట్టుంది. మా అత్తయ్య కొట్లోంచి వచ్చి నన్ను చూస్తూనే చెంపలు వేసుకుంది. "అమ్మవారు పోసిందే తల్లీ! హాస్పిటల్ మాటెత్తకు, సూది పడదు. మూడ్రోజుల్లో తనే దిగిపోద్ది" అంది. గుమ్మానికి వేపరెమ్మలు కట్టి, ఇంట్లో తాలింపు మానేసింది. నాకు మాత్రం కాలు నిలవలేదు. గోడ నుంచి గోడకి తిరుగుతూనే ఉన్నాను. మూడో రోజుకి దద్దుర్లు నిజంగానే తగ్గాయి గానీ నా భయం తగ్గలేదు.

నాలుగో రోజు మా ఆయన బండి మీద నందిగామ తీసుకెళ్లాడు. డాక్టరమ్మ నా చెవుల వెనక తడిమి, "ఈ మధ్య ఒంటి మీద ఎర్రగా వచ్చిన పిల్లల దగ్గరికి వెళ్లావా?" అంది.

మూడు వారాల కిందట ఈ నందిగామలోనే మా తోడికోడలు ఇంట్లో రెండు రోజులున్నాను. వాళ్ల ఆరేళ్ల పాప నా ఒళ్లోనే పడుకుంది, నా కంచంలోనే తింది. దాని ఒంటి మీద నాకేమీ కనపడలేదు.

"రుబెల్లా అనుకుంటున్నా, బ్లడ్ టెస్ట్ చేయిద్దాం. పిల్లలకైతే మామూలు జ్వరంలా పోద్ది. కడుపులో బిడ్డకే ప్రమాదం, కళ్లూ గుండే చెవులూ చూసుకోవాలి. టీకా వేయించుకున్నావా?"

"లేదండీ" అన్నాను. నేను టెన్త్‌లో ఉండగా స్కూల్లో తట్టుకీ రుబెల్లాకీ కలిపి ఎంఆర్ టీకా వేసిన రోజు మా అమ్మ "పరీక్షల ముందు జ్వరం తెచ్చుకుంటావా?" అని నన్ను ఇంట్లో ఉంచేసింది. నేనూ హాయిగా టీవీ చూస్తూ కూర్చున్నాను.

బయటికొచ్చి తోడికోడలికి ఫోన్ చేశాను. "అక్కా, పాపకి దద్దుర్లు వచ్చాయా?"

"వచ్చాయే. నువ్వొచ్చే ముందు రోజే తలంటి పోసి వేపరెమ్మలు తీసేశా. అమ్మవారు దిగింది కదా, ఇంక చెప్పేదేముందనుకున్నా. అయినా నువ్వు కడుపుతో ఉన్నావని నాకెవరు చెప్పారే?"

నిజమే, ఎవరూ చెప్పలేదు. మూడో నెల వెళ్లేదాకా బయటపెట్టకూడదని మా ఇంట్లో పట్టింపు. దిష్టికి భయపడి నేను దాచాను, దేవతకి భయపడి ఆమె దాచింది. ఇద్దరం ఫోన్లోనే ఏడ్చాం.

బ్లడ్ టెస్ట్‌లో ఐజీఎం పాజిటివ్ వచ్చింది, అంటే రుబెల్లాయే. విజయవాడలో స్కాన్ చేసిన డాక్టరు, "గుండె బాగుంది. చెవుల సంగతి మాత్రం స్కాన్ చెప్పదమ్మా. ఉంచుకునేదీ లేనిదీ మీరే ఆలోచించుకోండి" అన్నారు. ఉంచుకున్నాం. ఆ అయిదు నెలలూ నాకు ఒక చోట కూర్చోబుద్ధి కాలేదు. గరికపాడు చెక్‌పోస్ట్ వైపు వెళ్లే లారీ హారన్ కొట్టినప్పుడల్లా కడుపు మీద చెయ్యేసి, ఆ మోతకి బిడ్డ కదిలిందా లేదా అని చూసుకునేదాన్ని. కదలకపోతే ఆ పూట అన్నం దిగేది కాదు.

పాప పుట్టింది. కళ్లు బాగున్నాయి, గుండె బాగుంది. హియరింగ్ టెస్ట్‌లో ఎడమ చెవికి 'రిఫర్' అని వచ్చింది, అంటే పాసవ్వలేదని. మళ్లీ చేశారు. తర్వాత తలకి వైర్లు అంటించి, శబ్దం మెదడు దాకా చేరుతోందో లేదో చూసే బెరా చేశారు. "ఎడమ చెవి వినపడదమ్మా. కుడి చెవి బాగుంది, మాటలొస్తాయి. కాకపోతే కుడిది కూడా తర్వాత తగ్గొచ్చు, చూపిస్తూ ఉండాలి" అన్నారు. ఒక్క సూది! నా మీద నాకే ఒళ్లు మండిపోయింది.

ఇప్పుడు దానికి రెండున్నరేళ్లు, మాటల పుట్ట. ఎవరు పలకరించినా మెడ తిప్పి కుడి చెవి అందిస్తుంది.

మొన్న మా ఆడపడుచుకి సంబంధం కుదిరింది. పెళ్లి చీరలకి బయల్దేరే ముందే తనని ఆ టీకాకి తీసుకెళ్లాం. సూది పడదన్న మా అత్తయ్యే కూతురి చెయ్యి పట్టుకుని, "వెయ్యండమ్మా, ముందు వెయ్యండి" అంది. మీ ఇంట్లో పెళ్లీడు పిల్ల ఉంటే మీరూ అదే చెయ్యండి. కడుపుతో ఉన్నాక ఈ టీకా వేయరు. వేయించుకున్నాక కూడా కడుపు రాకుండా నెల రోజులు ఆగాలి.

నాకింకా కుదురు రాలేదు. రోజూ పాప వెనక నిలబడి గరిటెతో గిన్నె మోగిస్తాను. అది తిరిగి చూసేదాకా మోగిస్తూనే ఉంటాను. నిన్న విసుక్కుంటూ వచ్చి నా చేతిలో గరిటె లాగేసుకుంది. "వినపడిందమ్మా!" అంది.