ఇసుక కప్పిన నిప్పు

"నీళ్లు పోసినావా?"

"ఇసక కప్పినాలేమ్మే. నువ్వు ఇంటికి పో."

మా ఆయనకూ నాకూ మధ్య నడిచిన చివరి మాటలు ఇవి. మధ్యాహ్నం క్యారియరులో అన్నం తీసుకెళ్లి, ఆయన తిన్నాక ఖాళీ గిన్నెలు పట్టుకుని బయల్దేరుతూ అడిగాను. ఆయన గేటు పక్కన చాప మీద నడుం వాల్చాడు. నేను ఇంటికి చేరి ఆ గిన్నెలు తోమడం కాకముందే మనిషి పోయాడని కబురొచ్చింది. గుండె ఆగిందన్నారు.

మాది ఇందుకూరుపేట దాటి సముద్రం వైపు పోతే వచ్చే ఊరు. ఊరికీ సముద్రానికీ నడుమ సర్కారు సరుగుడు తోట ఉంది. మా ఆయన దానికి కావలి. మొక్కలు నాటిన రోజుల్లో కడవలతో మోసి నీళ్లు పోసింది కూడా ఆయనే. ఈ మధ్య ఆ తోటలో కొంత చోటు చదును చేసి, టౌను వాళ్లు గుడారాలు వేసుకుని ఉండేట్టు ఏర్పాటు చేశారు. గేటు దగ్గర పెద్ద బోర్డు నిలబెట్టారు. నాకు అక్షరాలు కూడబలుక్కోవడమే తప్ప చదవడం రాదు. మా అన్న కూతురు చదివి చెప్పింది. ఇప్పుడు ఇది రాస్తున్నదీ ఆ పిల్లే. గుడారం నంబరు వేసిన చోటే వేయాలంట. పొయ్యి సిమెంటు దిమ్మె మీదే పెట్టాలంట. పాటలు గట్టిగా పెట్టకూడదు, సీసాలు పారేయకూడదు. పోయే ముందు నిప్పు మీద నీళ్లు పోసి, చేత్తో తాకి, చల్లారిందని చూసుకుని మరీ పోవాలంట.

నాకు ఆ బోర్డంటే మొదటినుంచీ అనుమానమే. మేము పుట్టినప్పటి నుంచి తిరుగుతున్న చోట ఇప్పుడు రాతలెందుకు? ఇవాళ వాళ్లకు చెప్పినట్టు చెప్పి, రేపు మమ్మల్ని రావద్దంటారని ఆయనతో అనేదాన్ని. వచ్చే వాళ్లనూ నమ్మలేదు. ఇంట్లో మంచాలు పెట్టుకుని ఇసుకలో పడుకోవడానికి కారేసుకుని వస్తారా ఎవరైనా? ఏం దాచి తెచ్చారోనని వాళ్ల సంచుల వంకే చూసేదాన్ని. ఆయన నవ్వేవాడు.

ఆయన పోయిన రోజు పొద్దున వెళ్లిపోయిన గుడారాల వాళ్లు నిప్పు దిమ్మె మీద పెట్టలేదు. చెట్ల కింద, రాలిన ఆకు మీదే పెట్టారు. మా ఆయన చూసేటప్పటికి నిప్పులు కణకణమంటున్నాయి. చేతి పంపు పక్కనే ఉంది. అయితే రొయ్యల గుంటలు వచ్చాక ఆ పంపు నీళ్లు ఉప్పుకషాయం. తాను పెంచిన చెట్టు మొదట్లో ఉప్పు నీళ్లు పోయడానికి ఆయనకు చేతులు రాలేదు. ఇసుక కప్పాడు. అన్నం తింటూ నిప్పు సంగతీ ఉప్పు నీళ్ల సంగతీ చెప్పాడు, ఇసుక మాట మాత్రం నేను అడిగితేనే చెప్పాడు. ఆ మాట విన్నది నేనొక్కదాన్నే.

పెరట్లో కట్టెల పొయ్యి మీద నీళ్లు కాచాక నేను రోజూ నిప్పు మీద బూడిద కప్పి పెడతాను. సాయంత్రం ఊదితే మళ్లీ రాజుకుంటుంది. కప్పిన నిప్పు చావదు. ఈ సంగతి మా ఊళ్లో ఏ ఆడమనిషిని అడిగినా చెబుతుంది. అన్నీ తెలిసి కూడా నేను ఒకసారి అడిగి ఊరుకున్నాను. వెనక్కి తిరిగి చూడలేదు.

మూడో రోజు తోటలో పొగ లేచింది. నిప్పు ఆకు కింద పాకి పాకి, కప్పిన చోటికి దూరంగా పైకొచ్చింది. జనం పోయి ఆర్పేలోపు రెండు వరసల చెట్లు మాడిపోయాయి.

దినాలు కాగానే ఫారెస్టు సారు ఒక కాగితం తెచ్చాడు. వేలిముద్ర వేయమన్నాడు. తప్పంతా చచ్చిన వాడి మీద వేసేసి చేతులు దులుపుకుంటారని నాకు అర్థమైంది. మా అన్న కూతురు వచ్చి చదివేదాకా వేసేది లేదని కూర్చున్నాను. సారు కూడా అరుగు మీద కూర్చున్నాడు. పిల్ల బస్సు దిగి వచ్చి చదివింది. కావలి మనిషి ఆ రోజు నిబంధన ప్రకారం నీళ్లు పోసి నిప్పు ఆర్పినాడు, మంట ఎట్లా వచ్చిందో తెలియదు అని ఉంది. నమ్మలేక మూడుసార్లు చదివించుకున్నాను.

"ఆయన పేరుకు మచ్చ లేకుంటేనే ఆ కావలి పని నీకు ఇప్పించగలనమ్మా," అన్నాడు సారు.

ఇసుక సంగతి సారుకు తెలుసో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. నా మీద జాలో, తన మీదికి రాకుండా చూసుకున్నాడో అదీ తెలియదు. నాకు ఆ పని తప్ప వేరే దిక్కు లేదు. వేలు నొక్కాను.

తెలియదు అని రాసిన మాట గాలిలో ఉండిపోదు. ఎవరో ఒకరి నెత్తిన దిగుతుంది. మా ఊరి ఆడవాళ్లు పొయ్యిలోకి ఆ తోటలోనే రాలిన ఆకు ఊడ్చుకుంటారు. గ్యాసు ఉన్నా నీళ్లకూ చేపల కూరకూ కట్టెల పొయ్యే. వాళ్లలో మా పక్కింటామెకు చుట్ట అలవాటు. మంట ఆ చుట్టదే అని ఊరంతా తేల్చేసింది. నెల తిరక్కుండా బోర్డు మీద కొత్త వరుస ఎక్కింది. ఆకు ఊడ్చుకోవడానికి ఎవరూ లోపలికి రాకూడదు. ఈల మెడలో వేసుకుని, కర్ర పట్టుకుని, వాళ్లను వెనక్కి పంపాల్సింది నేను.

ఒకరోజు పక్కింటామె గోనెపట్టా చంకలో పెట్టుకుని కంచె పక్కగా వచ్చింది. ఆపాను. అగ్గిపెట్టె ఉందేమో చూడాలన్నాను. మా ఆయన పోయిన రోజు నన్ను ఒళ్లో పట్టుకుని కూర్చున్న మనిషి ఆమె. చేతులు రెండూ పైకెత్తి నిలబడింది. నేను తడిమి చూశాను.

"ఎతుక్కో అక్కా. రొంటి జూసినావు, కొంగు జూసినావు, రైక గూడా ఇప్పమంటావా?"

నా చేతికి ఏమీ దొరకలేదు.

"నా మొగుడు గూడా కావలోడయ్యుంటే, ఎవురి కొంగు ఎతకాల్నో నాకూ తెలిసేది," అని వెళ్లిపోయింది.

ఆమెకు తెలిసే అన్నదా, ఊరికే అన్నదా? ఎన్ని రోజులు తిరగేసి ఆలోచించానో చెప్పలేను. గేటు దగ్గర ఇద్దరు గుసగుసలాడితే నా గురించే అనుకుంటాను. సారు నవ్వితే తెలిసే నవ్వాడనుకుంటాను. గుడారాల వాళ్లు వెళ్లాక ప్రతి బూడిదలోనూ మణికట్టు దాకా చేయి పెట్టి చూస్తాను. చల్లగా ఉన్నా నమ్మకం కలగదు. పక్కింట్లో పచ్చి పుల్లలతో పొయ్యి రాజేస్తుంటే ఆ పొగ గోడ దాటి నా మీదికే వస్తుంది, ఆమె దగ్గు కూడా వినిపిస్తుంది. ఆమె చుట్ట ఏ పాపమూ చేయలేదని తెలిసింది నాకొక్కదానికే.

అందుకే ఇవాళ ఈ పిల్లను కూర్చోబెట్టి చెబుతున్నాను. ఇసుక దగ్గరికి వచ్చేసరికి పిల్ల కలం ఆపింది.

"మామ పేరు పోద్దత్తా. నీ పని గూడా పోద్ది."

"పోనీ. రాయి," అన్నాను.

రేపు పొద్దున ఈ కాగితం సారు చేతికి నేనే ఇస్తాను. పని తీసేస్తే తీసేస్తారు. ఆకు ఊడ్చుకోవద్దన్న ఆ వరుస చెరిపిస్తాడో లేదో తెలియదు. చెరిపిస్తానన్నా, బోర్డు చూసేదాకా నమ్మను.

పాపా, నిన్ను కూడా ఒక మాట అడగాలి. నేను ఇంత చెబితే నువ్వు రాసింది కొంచెంగా కనబడుతోంది. మామ మీద ప్రేమతో ఎక్కడైనా మెత్తగా మార్చావేమోనని నా అనుమానం. కోపం తెచ్చుకోకు. నేను ముద్ర వేసేముందు ఒక్కో మాట మీద వేలు పెట్టి చూపిస్తూ, మొదటినుంచి చదువు.