తాళం వేసిన ఇంట్లో ఈకల పురుగులు

అత్తమ్మకు మతిమరుపు ముదిరాక, మా ఆయన పొద్దున దుకాణానికి వెళ్తూ ఇంటికి బయటినుంచి తాళం వేసుకుని పోయేవాడు. ఆమె అన్నీ మరిచిపోయింది గానీ తలుపు గడియ తీయడం మరిచిపోలేదు. తన పుట్టిల్లు పరకాల అన్న సంగతీ మరిచిపోలేదు. ఒకరోజు నేను స్నానానికి వెళ్ళి వచ్చేసరికి మెట్లు దిగి హన్మకొండ చౌరస్తా దాకా నడిచిపోయింది. ఆ సాయంత్రమే తాళం కొనుక్కొచ్చాడు.

"ఆమెకు ఏస్తే నాకూ ఏసినట్టు కాదా?" అని అడిగాను.

"మరేం జెయ్యమంటవ్? బండ్ల నడుమ పడితే ఎట్ల?" అన్నాడు.

ఆయన మాటలో తప్పు పట్టడానికేమీ లేదు. గట్టిగా పోట్లాడటానికి కారణం కూడా దొరకక నాకు ఇంకా ఊపిరాడేది కాదు. మధ్యాహ్నం అన్నానికి వచ్చి తాళం తీసేవాడు. తిని, మళ్ళీ వేసి వెళ్ళేవాడు. మాది మూడో అంతస్తు. కిటికీలోంచి ఎదురింటి నీళ్ళ ట్యాంకు తప్ప ఏమీ కనిపించదు.

అప్పుడే మా తమ్ముడు ఈ పని తెచ్చిపెట్టాడు. బెంగళూరులో కొన్నేళ్ళు ఉద్యోగం చేసి వచ్చాక వాడికి ధర్మసాగర్ చెరువు దగ్గర చేపలు పట్టే పిచ్చి పట్టుకుంది. గాలానికి ఎర్రను గుచ్చడు. ఈకలు, దారం చుట్టి పురుగులా కనిపించేలా కట్టిన గాలం వేస్తాడు. పడ్డ చేపను మళ్ళీ నీళ్ళలోనే వదిలేస్తాడు. నీటిమీద తేలేవాటిని ఈగలంటారట, అడుగున పాకే పిల్ల పురుగుల్లా ఉండేవాటిని నింఫులంటారట.

"అక్కా, నువ్వు జాకెట్లకు పూసలు కుట్టేదానివి గదా. ఇవి కట్టిస్తవా? నా చేతుల్ల కుదుర్తలేవు," అని గాలాల డబ్బా, గాలాన్ని కదలకుండా పట్టుకునే చిన్న వైసు నా ముందు పెట్టాడు.

మొదట నవ్వొచ్చింది. తర్వాత రోజూ అత్తమ్మ పడుకోగానే వైసు ముందు కూర్చోవడం అలవాటైంది. మాది మాంసం వండని ఇల్లు, కోడి ఈకలు లోపలికి రానివ్వరు. అందుకని దేవుడి గదిలోని నెమలీక పోగులే నింఫు ఒంటికి చుట్టేదాన్ని. పాత మోటారులోంచి తీసిన రాగి తీగ బరువుకు సరిపోయేది. వేలిగోరంత పురుగు తయారయ్యేది. చివరి ముడి వేసి దారం తెంపేదాకా తలుపు సంగతి గుర్తొచ్చేది కాదు. తెంపగానే గుర్తొచ్చేది.

ఒక మధ్యాహ్నం మా ఆయన తిని వెళ్ళాక, అత్తమ్మ పడుకోకుండా వచ్చి పక్కన కూర్చుంది. "తలుపు తియ్యి బిడ్డా, బస్సు పోతాంది," అంది. "ఇంకో బస్సున్నది అత్తమ్మా," అన్నాను, ఎప్పుడూ చెప్పే మాటే. నేను దారం అందుకోవడానికి అటు తిరిగాను. అంతలో కట్టి పెట్టిన నింఫును ఆమె చేతిలోకి తీసుకుంది. అరుపు విని చూస్తే, గాలం బొటనవేలి కండలో దిగి ఉంది.

గాలం మొనకు వెనక్కి తిరిగిన చిన్న ముల్లు ఉంటుంది. వెనక్కి లాగితే మాంసాన్ని పట్టుకుంటుంది. ఆమె లాగబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపాను. మా ఆయనకు ఫోన్ చేశాను. మోగింది, ఎత్తలేదు. పెళ్ళిళ్ళ సీజన్, బట్టల దుకాణంలో ఆయనకు ఫోన్ వినబడదు. మళ్ళీ చేశాను. తలుపు దగ్గరికి పోయి అరచేతులతో బాదాను. కింది ఇంటావిడ పైకొచ్చి, "తాళమున్నది గదమ్మా, నేనేం జెయ్యాలె?" అని బయటే నిలబడింది. తలుపుకు ఇటు నేను, అటు ఆమె. లోపల అత్తమ్మ చిన్నపిల్లలా ఏడుస్తోంది.

తమ్ముడికి ఫోన్ చేశాను.

"అక్కా, భయపడకు. గట్టి దారం గాలం వంపుకు తగిలియ్యి. గాలం కాడను వేలికి ఆనిచ్చి కిందికి అదుము. అట్ల అదిమి పెట్టుకునే, దారం ఒక్కసారే గుంజు. మెల్లగ గుంజితే ఇరుక్కుంటది."

"నాతోని కాదురా."

"ఇంకెవరున్నరే అక్కడ?"

ఎవరూ లేరు. అత్తమ్మ చేతిని నా మోకాలి కింద నొక్కిపెట్టాను. "అత్తమ్మా, మీ పరకాల ఇంట్ల బావి ఎటు దిక్కుండె?" అని అడిగాను. ఆమె ఏడుపు ఆపి ఆలోచనలో పడింది. "పెరట్ల..." అంటుండగానే గుంజాను. గాలం ఎగిరి గోడకు తగిలింది. పాత చీర పీలిక చింపి వేలికి కట్టు కట్టాను.

మా ఆయన సాయంత్రం వచ్చి, కట్టు చూసి, ఇద్దరినీ ఆటోలో దవాఖానకు తీసుకెళ్ళాడు. టీటీ ఇంజక్షన్ వేయించి తిరిగి వచ్చేటప్పుడు, "ఇగ గా గాలాలు ఇంట్ల వద్దు," అన్నాడు.

"గాలాలు తీసేస్త. నాకో తాళంచెవి చేయించు. రేపు ఇల్లు అంటుకుంటే ఎవర్ని పిలవాలె?" అన్నాను. ఆటోవాడు వింటున్నాడని కూడా చూడలేదు.

మర్నాడు చెవి చేయించాడు. అప్పటినుంచి తాళం లోపలి గడియకే వేసి, చెవి కొంగున కట్టుకునేదాన్ని. గాలాలు తమ్ముడికి ఇవ్వలేదు. పై అరలో పెట్టి, అత్తమ్మ గాఢంగా నిద్రపోయాకే తీసేదాన్ని. ఆయనకు తెలుసు, అడగలేదు. అయితే చెవి ఉన్నంత మాత్రాన ఎక్కడికి పోతాను? ఒక్కసారి కూరగాయలకని మెట్లు దిగి, మొదటి అంతస్తు దాకా వెళ్ళి, పైన ఏదో చప్పుడైందని పరుగెత్తి వచ్చేశాను. అత్తమ్మ గురక పెడుతోంది.

చివరికి ఒక ఆదివారం మా ఆయన ఇంట్లో ఉంటానన్నాడు. తమ్ముడు నన్ను బండిమీద ధర్మసాగర్ తీసుకెళ్ళాడు. అన్ని నీళ్ళు ఒక్కచోట చూసి ఎన్నాళ్ళయిందో. వాడు నేను కట్టిన నింఫును వేశాడు. చాలాసేపటికి దారం గట్టిగా బిగిసింది, అంతలోనే వదులైంది.

"చేప కొట్టిందక్కా! నీ పురుగునే కొట్టింది!" అని ఎగిరాడు.

నేనూ నవ్వాను. అప్పుడే ఫోన్ మోగింది.

"అమ్మ అన్నం తింటలేదు. నువ్వేదని అడుగుతాంది," అన్నాడు మా ఆయన.

"ఇంకో గంట ఉందామక్కా, ఎండ జర తగ్గితే మస్తు పడతయ్," అన్నాడు తమ్ముడు.

ఉండాలనే ఉంది. బండి దగ్గరికి నడిచాను.