సుగుణమ్మగారు నేర్పిన రేపు

కుప్పం కాలేజీలో నేను ఇంగ్లీషు చెప్పే గదికి పక్కనే క్యాంటీన్. సాయంత్రం బొరుగుల్లో ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ కలిపే వాసన కిటికీలోంచి వస్తే చాలు, పుంగనూరులో మా పక్కింటి సుగుణమ్మగారి వసారా గుర్తొస్తుంది. మదనపల్లె మిషన్ ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరయ్యాక ఆమె ఆ ఇంట్లో ఒక్కరే ఉండేవారు. సాయంత్రమైతే మా వీధి పిల్లలను కూర్చోబెట్టుకుని, ముందు బొరుగులు పెట్టి, తర్వాత ఇంగ్లీషు నేర్పేవారు. బొరుగుల కోసం వచ్చేవాళ్లే ఎక్కువ. నేను మాత్రం రెండింటికీ వెళ్లేదాన్ని.

ఇంటర్ పాసైన వేసవిలో ఒకరోజు, "ముందు ముందు ఏం చేస్తావో ఇంగ్లీషులో చెప్పు" అన్నారు. కుప్పంలో డిగ్రీ చదవాలన్న ఆశ తప్ప నా మనసులో మరేమీ లేదు. "ఐయామ్ జాయినింగ్ కాలేజ్ ఇన్ కుప్పం" అన్నాను గొప్పగా.

"సీటొచ్చిందా? హాస్టల్ మాట్లాడినారా?"

"లేదమ్మా. నాయన ఇంకా ఒప్పుకోనే లేదు."

ఆమె పకపకా నవ్వారు. "అట్లయితే జాయినింగ్ యాడిది? ఎవరన్నా పిలిస్తే అప్పటికప్పుడు 'సరే, పోతాలే' అంటాం సూడు, అది విల్. పోవల్లని ముందే మనసులో అనుకోనుంటే గోయింగ్ టు. అంతా కుదిరి, బ్యాగు సర్దుకోని 'సోమవారం పోతాండా' అంటామే, అదీ జాయినింగ్. నీది ఇంకా గోయింగ్ టూనే."

పుస్తకంలో ఎన్నిసార్లు చదివినా ఎక్కనిది, మా ఇంటి మాటల్లో చెప్పేసరికి ఎక్కేసింది.

మా నాయన ఆవులు మేపుకునే మనిషి. దేనికీ కాదనడు, ఔననడు. వంటింటి కప్పు కారుతోందని అమ్మ మొత్తుకున్నా "సూస్తాంలే" అనేవాడు. నా చదువుకూ అదే జవాబు. కాలేజీలో చేరే గడువేమో దగ్గర పడుతోంది. మరునాడు పొద్దున నాయన పాలు పోయడానికి వెళ్తే సుగుణమ్మగారు గడపలోనే ఆపారు. నేను గోడ పక్కన నిలబడి విన్నాను.

"పాపను కుప్పం పంపిస్తావా అప్పా?"

"సూస్తాంలేమ్మా."

"అది విల్లా, గోయింగ్ టూనా?"

నాయన చెంబు పట్టుకుని తెల్లబోయాడు. ఆమె నాకు చెప్పిన పాఠమంతా ఆయనకూ చెప్పారు. నాయన తల గోక్కున్నాడు. "ఆడ మనకు తెలిసినోళ్లెవరూ లేరమ్మా. పాప ఒక్కతే యాడుంటాది? అదే నా బయం."

"హాస్టల్ నేనొచ్చి సూస్తా. నచ్చకపోతే వెనక్కి పిలుసుకొస్తాం. ఇప్పుడు సెప్పప్పా."

నాయన నవ్వేశాడు. "సరే. సోమవారం పోతాండాం."

"అదీ మాట!" అని ఆమె చప్పట్లు కొట్టారు. గోడ పక్కన నేను ఎగిరి గంతేశాను.

సోమవారం ముగ్గురం బస్సెక్కాం. కాలేజీలో సీటు దొరికింది. హాస్టల్లో ఆమె వంటగది, బాత్రూములు, తలుపుల గడియలతో సహా, వార్డులో రౌండ్లకు వచ్చినట్టే తిరిగి చూశారు. చివరికి నాయనతో "పాపను ఈడ వదలొచ్చప్పా" అన్నారు. నాయన అప్పటిదాకా చేతిలోనే పట్టుకున్న నా బ్యాగు కింద పెట్టాడు.

ఇప్పుడామె మదనపల్లెలో చెల్లెలి ఇంట్లో ఉంటున్నారు. మొన్నామధ్య చూడ్డానికి వెళ్లి, సెలవు తీసుకుంటూ "మళ్లీ వస్తానమ్మా" అంటే, కళ్లజోడు పైనుంచి చూశారు. "ఆదివారం వస్తాండా" అని సరిదిద్దుకున్నాను. వెళ్లాను కూడా. నా దగ్గరికి ఏ పిల్లయినా ఆశగా ఏదైనా అడగడానికి వస్తే, "చూద్దాంలే" అని పంపేయడం నాకు చేతకాదు. కుదరనిదైతే కాదని చెప్పేస్తాను. కుదిరేదైతే, ఆ పిల్ల గుమ్మం దాటకముందే ఏ రోజో చెప్పేస్తాను.