చేతులెత్తించిన పంతులుగారు

రంగూను రేవులో మూటలు మోసే మాకు చిమిండైంగ్ పేటలోని కూలీల బసలో అక్షరాలు దిద్దించిన పంతులుగారు ప్రతిదానికీ "చేతులెత్తండి" అనేవారు. వానరోజు పాఠం ఉండాలా అన్నా అదే మాట. పూర్వం గ్రీకుల ఏథెన్సులో జనం అలాగే తేల్చుకునేవారట.

"ఆడోళ్లు కూడానా, బాబూ?" అంది మాకు వండిపెట్టే అప్ప.

"లేదమ్మా. ఆడవాళ్లకీ బానిసలకీ ఆ హక్కు లేదు."

"అయితే ఆల్లకి సగమే తెలిసింది!"

ఒక సాయంత్రం, మాకు పని ఇప్పించి, కూలి లెక్కలు తనే రాసుకునే మేస్త్రీ వచ్చి, "ఈ బడి ఆపకపోతే రేపు ఎవడికీ పన్లేదు" అన్నాడు.

పంతులుగారు మావైపు తిరిగి, "బడి కావాలనేవాళ్లు చేతులెత్తండి" అన్నారు.

మొదట లేచింది అప్ప చెయ్యి, గరిటెతో సహా.

"ఆడదాని లెక్కేటి?" అని మేస్త్రీ నవ్వాడు.

"ఏథెన్సులో లేదు. ఇక్కడ ఉంది," అన్నారు పంతులుగారు.

ఆ మాటకి అందరి చేతులూ లేచాయి. మర్నాడు మాకు పని లేదు. బడి ఉంది.